పార్టీ గడిలో టిక్కు పెడితే కండువా కప్పుకున్నట్టేనా? అమెరికాలో కొత్త ఓటరుకు ఒక వివరణ

మీ ప్రశ్నలోని సారాంశం ఇదని నాకు అర్థమైంది. మీరు న్యూజెర్సీలో ఉంటున్నారు; పోయిన నెలలో అమెరికా పౌరసత్వ ప్రమాణం చేశారు; మీ శ్రీమతి ఇంకా గ్రీన్‌కార్డు మీదే ఉన్నారు; అబ్బాయికి పదిహేడేళ్లు నిండాయి; వచ్చే ఏడాది ఉద్యోగరీత్యా టెక్సస్‌కు మారే అవకాశం ఉంది. ఓటరుగా ఎలా నమోదు కావాలన్నది మీ మొదటి సందేహం. నమోదు పత్రంలో పార్టీని ఎంచుకోమని ఒక గడి ఉన్నదనీ, అందులో ఏదైనా ఎంచుకుంటే ఇక ఆ పార్టీకే ఓటు వేయాలా, ఖాళీగా వదిలేస్తే అసలు ఓటే ఉండదా అనీ రెండో సందేహం. నేను 2007లో ప్రమాణం చేసినవాణ్ణి. ఆ తరువాత చాలా ఏళ్లపాటు గుడి ఆవరణలోనూ ఉగాది సంబరాల్లోనూ ఒక బల్ల వేసుకుని కూర్చుని, మనవాళ్లచేత ఈ పత్రాలు నింపించాను. నేను న్యాయవాదిని కాను. అయినా ఎక్కువమంది ఎక్కడ పొరబడతారో ఆ బల్ల దగ్గర కూర్చోవడం వల్ల బాగా తెలిసింది. అందరూ భయపడేది పార్టీ గడిని చూసి. నిజంగా భయపడవలసిన గడి వేరే ఉంది. అది ఆ పత్రంలో అన్నిటికంటే పైన ఉంటుంది.

ఆ గడి "మీరు అమెరికా పౌరులేనా" అని అడుగుతుంది. మీరు ప్రమాణం చేశారు కాబట్టి నిస్సంకోచంగా అవునని పెట్టవచ్చు. మీ శ్రీమతి మాత్రం, ఆమెకూ ప్రమాణం పూర్తయ్యేదాకా, ఏ కౌంటరు దగ్గర ఎవరు అడిగినా, ఏ తెరమీద ఏ ప్రశ్న వచ్చినా, ఆ ఒక్కచోట కాదనే చెప్పాలి. న్యూజెర్సీలో 2018 నుంచి డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడు గానీ పునరుద్ధరించుకునేటప్పుడు గానీ అర్హులైనవారు వద్దంటే తప్ప ఓటరు నమోదు దానంతటదే జరిగిపోయే పద్ధతి ఉంది. పౌరులు కానివారిని వడకట్టే ఏర్పాటు అందులో ఉంటుంది, కానీ ఏ ఏర్పాటూ నూరుపాళ్లు నమ్మదగినది కాదు. 2018లోనే కాలిఫోర్నియా వాహనాల శాఖ సుమారు 1,500 మందిని పొరబాటున ఓటర్లుగా నమోదు చేశామనీ, వారిలో పౌరులు కానివారు కూడా ఉన్నారనీ తానే ఒప్పుకోవలసి వచ్చింది. పొరబాటు గుమాస్తాదైనా, కంప్యూటరుదైనా, కింద సంతకం మనదే ఉంటుంది. పౌరులమని అబద్ధం చెప్పడం 1996లో వచ్చిన వలస చట్ట సవరణ ప్రకారం దేశ బహిష్కరణకు దారితీసేంతటి తప్పు. పౌరులు కానివారు ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయడం విడిగా నేరం. పైగా రేపు ఆమె పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు పెట్టుకున్నప్పుడు, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఎప్పుడైనా ఓటు వేశారా అని అందులో సూటిగా అడుగుతారు. మనవాళ్లకు కౌంటరు దగ్గర ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేసి బయటపడే అలవాటు ఒకటి ఉంది, నాకూ ఉండేది. ఈ విషయంలో దాన్ని మానుకోవాలి. ఒకవేళ గ్రీన్‌కార్డు మీద ఉన్నవారికి ఓటరు కార్డు టపాలో వచ్చిందంటే, దాన్ని సొరుగులో దాచకుండా, వాడకుండా, ముందు వలస న్యాయవాదితో మాట్లాడి ఆ తరువాతే జవాబు రాయాలి.

ఇక మీ నమోదు సంగతి. ఇది తేలికైనది కాబట్టి త్వరగా ముగిస్తాను. న్యూజెర్సీలో ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, కాగితం పత్రం నింపి కౌంటీ (మన జిల్లా వంటిది) కార్యాలయానికి పంపవచ్చు, లేదా లైసెన్సు కార్యాలయంలో చేసుకోవచ్చు. ఏ రాష్ట్రంవారైనా మొదలుపెట్టవలసిన ప్రభుత్వ వెబ్‌సైటు వోట్ డాట్ గవ్. అక్కడి నుంచి అది మిమ్మల్ని మీ రాష్ట్రం పేజీకి పంపుతుంది. దీనికి రుసుము ఏమీ ఉండదు; ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. ఎన్నికకు 21 రోజుల ముందు వరకు న్యూజెర్సీలో గడువు ఉంటుంది. ఎన్నికకు 30 రోజులకు మించిన గడువును ఫెడరల్ ఎన్నికలకు ఏ రాష్ట్రమూ పెట్టకూడదని 1993 నాటి జాతీయ చట్టం చెబుతుంది. ఆ పరిమితి లోపల ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క. నార్త్ డకోటాలో అసలు ఓటరు నమోదే లేదు, అది వేరే కథ. ఒకప్పుడు ప్రమాణ స్వీకారం ముగిసి హాలు బయటికి రాగానే స్వచ్ఛంద కార్యకర్తలు ఈ పత్రాలు చేతికిచ్చేవారు. 2025 ఆగస్టు నుంచి ఆ అవకాశాన్ని రాష్ట్ర, స్థానిక ఎన్నికల అధికారులకు మాత్రమే పరిమితం చేశారు. మీకు అక్కడ పత్రం అందకపోవడానికి కారణం బహుశా అదే.

పత్రం నింపేటప్పుడు మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. ఇంటిపేరు ముందుండి, ఆ తరువాత రెండు మూడు మాటల సొంత పేరు ఉండి, పాస్‌పోర్టులో ఒకలా, సోషల్ సెక్యూరిటీలో ఒకలా, లైసెన్సు మీద చోటు చాలక కత్తిరించి మరొకలా పడినవారు మనలో కోకొల్లలు. ఓటరు నమోదులో మీరు రాసే లైసెన్సు నంబరును గానీ, సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి నాలుగు అంకెలను గానీ ప్రభుత్వ రికార్డులతో సరిచూస్తారు. అందువల్ల ఏ నంబరు ఇస్తున్నారో ఆ రికార్డులో ఉన్నట్టుగానే, అక్షరం తేడా లేకుండా పేరు రాయండి. ప్రమాణ సమయంలో పేరు మార్చుకున్నవారైతే ముందు సోషల్ సెక్యూరిటీలో, ఆ తరువాత లైసెన్సులో మార్పించుకుని, చివరికి ఓటరు పత్రం నింపడం మంచి వరుస.

పేరు మార్చుకోకపోయినా సరే, పౌరసత్వ పత్రం చేతికి వచ్చిన వెంటనే సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలోనూ లైసెన్సు కార్యాలయంలోనూ మీ హోదా మార్పించుకోండి. ఎందుకంటే గ్రీన్‌కార్డు రోజుల్లో ఇచ్చిన కాగితాలను బట్టి అక్కడ మీరు విదేశీయులుగానే ఉండిపోతారు. 2019 జనవరిలో టెక్సస్ రాష్ట్ర అధికారులు లైసెన్సు రికార్డులను ఓటర్ల జాబితాతో పోల్చి, పౌరులు కానివారు కావచ్చంటూ దాదాపు 95,000 మంది పేర్లు ప్రకటించారు. తీరా చూస్తే వారిలో వేలకు వేలమంది లైసెన్సు తీసుకున్న తరువాత పౌరులైనవారే. కోర్టులో వ్యాజ్యాలు పడ్డాయి, ఏప్రిల్‌లో రాజీ కుదిరి ఆ జాబితాను వెనక్కి తీసుకున్నారు. అయితే ఈలోపు ఎందరో చట్టబద్ధమైన పౌరుల ఇళ్లకు పౌరసత్వం రుజువు చేసుకొమ్మని ఉత్తరాలు వెళ్లాయి. మీరు వెళ్లబోతున్నది కూడా టెక్సస్‌కే కాబట్టి ఈ పని అక్కడికి వెళ్లకముందే ముగించుకోవడం మేలు.

ఇప్పుడు పార్టీ గడి. దీనిలో తికమకకు మూలం మన అనుభవమే. మన రాష్ట్రాల్లో ఓటరు నమోదంటే ఎన్నికల సంఘం వ్యవహారం. పార్టీ సభ్యత్వమంటే రసీదు పుస్తకం పట్టుకుని వచ్చే కార్యకర్త వ్యవహారం. ఈ రెండింటికీ సంబంధమే లేదు. ఫారం 6 మీద ఏ పార్టీవారని ఎన్నికల సంఘం అడిగిందంటే మర్నాడు ఊళ్లో గొడవే. ఇక్కడేమో సర్కారు పత్రం మీదే పార్టీ పేరు అడుగుతుంటే, మనకు కండువా కప్పించుకుంటున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఇక్కడ ఆ గడికి ఉన్న పని ఒక్కటే: ప్రైమరీ ఎన్నికలో ఏ పార్టీ బ్యాలెట్ మీకివ్వాలో తేల్చడం. మన దగ్గర ఒక నియోజకవర్గంలో బి-ఫారం ఎవరికివ్వాలో పార్టీ అధినేత నిర్ణయిస్తాడు. చివరి నిమిషం దాకా ఆశావహులు ఆయన ఇంటి ముందు పడిగాపులు పడతారు. అమెరికాలో ఆ బి-ఫారం ఎవరికి దక్కాలో ప్రైమరీ రోజున మామూలు ఓటర్లు తేలుస్తారు. ఆ నిర్ణయంలో పాలుపంచుకునే హక్కు ఎవరికుండాలన్న ప్రశ్నకు ఒక్కో రాష్ట్రం ఒక్కో జవాబు చెప్పుకుంది. పార్టీ గడి ఆ జవాబులో ఒక భాగం మాత్రమే. అందులో టిక్కు పెట్టినందుకు చందా కట్టనక్కరలేదు, సభలకు వెళ్లనక్కరలేదు, నవంబరులో జరిగే అసలు ఎన్నికలో ఆ పార్టీకే ఓటు వేయాలన్న నియమం అంతకన్నా లేదు. ఖాళీగా వదిలేసినా నవంబరు ఓటుకు ఏ లోటూ రాదు.

మరి ఖాళీగా వదిలేస్తే పోలేదా అంటారేమో, నేనూ అలాగే అనుకున్నాను. 2007లో పౌరుణ్ణయ్యేనాటికి పెన్సిల్వేనియాలో ఉండేవాణ్ణి. రాజకీయాలకు అతీతంగా ఉండడం పెద్దమనిషి తరహా అనుకుని పార్టీ లేదన్న గడిలో గీత పెట్టాను. 2008 ఏప్రిల్ 22న అక్కడ ప్రైమరీ జరిగింది. డెమొక్రాటిక్ పార్టీలో ఒబామాకూ హిల్లరీ క్లింటన్‌కూ నడుమ దేశమంతా కళ్లప్పగించి చూస్తున్న పోటీ. ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి, జీవితంలో మొదటి అమెరికా ఓటు వేయబోతున్నానని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాను. పుస్తకంలో నా పేరు వెతికిన పెద్దావిడ, పేరైతే ఉంది కానీ మీకివ్వడానికి బ్యాలెట్ లేదని ఎంతో మర్యాదగా చెప్పింది. పెన్సిల్వేనియాలో పార్టీలో నమోదైనవారే ఆ పార్టీ ప్రైమరీలో ఓటు వేయగలరు. అప్పటికప్పుడు మార్చుకుందామంటే గడువు నెల ముందే అయిపోయింది. తప్పు అక్షరాలా నాదే, వెనకవైపున్న సూచనలు చదవలేదు.

పెన్సిల్వేనియాలాగే ఫ్లోరిడా, న్యూయార్క్, మేరీలాండ్ కూడా తలుపు మూసి ఉంచే రాష్ట్రాలు. వీటిలో న్యూయార్క్ సంగతి విచిత్రం. 2016 ఏప్రిల్ ప్రైమరీలో ఓటు వేయాలంటే, అప్పటికే నమోదై ఉన్నవారు పార్టీని మార్చుకోవడానికి 2015 అక్టోబరులోనే గడువు ముగిసిపోయింది. ఆ గడువు తెలియక సాక్షాత్తూ డొనాల్డ్ ట్రంప్ కుమార్తె ఇవాంకా, కుమారుడు ఎరిక్ తమ తండ్రికి ఆ ప్రైమరీలో ఓటు వేయలేకపోయారు. ఆ తరువాత చట్టం మార్చి గడువును ఫిబ్రవరి 14కు తెచ్చారు. అయినా జూన్‌లో జరిగే ప్రైమరీకి ఫిబ్రవరిలో మేలుకోవాలన్నమాట. పార్టీ గడి జీవితకాలపు కట్టుబాటు కాదనడానికి కూడా ఆ కుటుంబమే ఉదాహరణ. ట్రంప్ 1987లో రిపబ్లికన్‌గా నమోదై, 1999లో ఇండిపెండెన్స్ పార్టీకి, 2001లో డెమొక్రాటిక్ పార్టీకి, 2009లో తిరిగి రిపబ్లికన్ పార్టీకి మారి, 2011లో ఏ పార్టీ లేదని రాయించుకుని, 2012లో మళ్లీ రిపబ్లికన్ అయ్యారు. మన దగ్గరైతే ఫిరాయింపు అంటూ వారం రోజులు చర్చా కార్యక్రమాలు నడిచేవి. ఇక్కడ అది ఒక పత్రం నింపడమంత మామూలు విషయం.

మీ న్యూజెర్సీ ఈ మూసిన తలుపుకూ తెరిచిన తలుపుకూ నడుమ ఉంటుంది. ఏ పార్టీ లేకుండా నమోదైన ఓటరు జూన్‌లో ప్రైమరీ రోజున పోలింగ్ కేంద్రానికి వెళ్లి, అక్కడికక్కడే డెమొక్రాటిక్ లేదా రిపబ్లికన్ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. అయితే ఆ క్షణం నుంచి మీరు ఆ పార్టీ ఓటరుగా నమోదైపోతారు, మీరు మార్చుకునేదాకా అలాగే ఉంటారు. ఒక పార్టీలో ఉన్నవారు మరో పార్టీకి మారాలంటే ప్రైమరీకి 55 రోజుల ముందే పార్టీ ప్రకటన పత్రం ఇవ్వాలి. టపా ద్వారా ఓటు వేసేవారికి ఇంకొక మెలిక ఉంది: పార్టీ ఏదో పేర్కొనకపోతే వారికి ప్రైమరీ బ్యాలెట్ ఇంటికి రాదు, ఎందుకంటే ఏది పంపాలో కార్యాలయానికి తెలియదు. పత్రంలో గ్రీన్, లిబర్టేరియన్ వంటి చిన్న పార్టీల పేర్లు కూడా కనిపిస్తాయి. అవి ఎంచుకోవడం మీ ఇష్టం, కాకపోతే ఆ పార్టీలకు ప్రైమరీ జరగదు. ఇంకొక మాట: చాలాకాలం న్యూజెర్సీ ప్రైమరీ బ్యాలెట్‌లో కౌంటీ పార్టీ పెద్దలు బలపరచినవారి పేర్లన్నీ ఒకే వరుసలో వేసి, తక్కినవారిని ఎక్కడో మూలకు నెట్టేవారు. అప్పుడు సెనేట్ పదవికి పోటీ చేస్తున్న ఆండీ కిమ్ వేసిన దావాలో 2024 మార్చిలో ఫెడరల్ న్యాయమూర్తి డెమొక్రాటిక్ ప్రైమరీ విషయంలో దానికి అడ్డుకట్ట వేశారు, తరువాత రాష్ట్ర చట్టమే మారింది. కాబట్టి ఇక్కడ ప్రైమరీ ఓటుకు మునుపటికంటే ఇప్పుడు విలువ ఎక్కువని నా అభిప్రాయం.

టెక్సస్‌కు వెళ్లాక ఈ గొడవే ఉండదు, అక్కడి నమోదు పత్రంలో పార్టీ గడి లేదు. సరిసంఖ్య సంవత్సరాల్లో మార్చి నెలలో ప్రైమరీ జరుగుతుంది. పోలింగ్ కేంద్రంలో ఏ పార్టీ బ్యాలెట్ అడిగితే అది ఇస్తారు. ఆ ఏడాదికి మీరు ఆ పార్టీవారు. ప్రైమరీలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మేలో మలివిడత పోటీ జరుగుతుంది. మార్చిలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకున్నవారు మేలో రెండో పార్టీ తలుపు తట్టలేరు. ఏడాది తిరిగితే పలక తుడిచేసినట్టే. అయితే నమోదు విషయంలో మాత్రం టెక్సస్ న్యూజెర్సీ అంత సులువైన చోటు కాదు. లైసెన్సు లావాదేవీతో కలిపి చేసుకుంటే తప్ప ఆన్‌లైన్‌లో నమోదు పూర్తికాదు. పత్రం నింపి, సంతకం పెట్టి, కౌంటీ రిజిస్ట్రారుకు చేర్చాలి, అదీ ఎన్నికకు 30 రోజుల ముందు. న్యూజెర్సీ నమోదు మీ వెంట రాదు. రాష్ట్రం మారితే మొదటినుంచి కొత్తగా చేసుకోవాలి, అదే రాష్ట్రంలో కౌంటీ మారినా టెక్సస్‌లో మళ్లీ పత్రం పెట్టాలి. ఫ్రిస్కోలో కొన్నాళ్లు అద్దెకుండి తరువాత పక్క కౌంటీలో ఇల్లు కొనుక్కునే మనవాళ్లు దీన్ని తరచుగా మరిచిపోతారు.

మిగిలిన రాష్ట్రాల్లో ఉన్న బంధువులకు ఉపయోగపడేందుకు రెండు మూడు మాటలు. కొలరాడోలో పార్టీ లేనివారికి రెండు పార్టీల బ్యాలెట్లూ ఇంటికే వస్తాయి, ఏదో ఒకటే తిప్పి పంపాలి; రెండూ పంపితే రెండూ చెల్లవు. నార్త్ కరోలినాలో పార్టీ లేనివారు ఏదో ఒక ప్రైమరీని ఎంచుకోవచ్చు, పార్టీ ఉన్నవారికి ఆ స్వేచ్ఛ లేదు. జార్జియా, వర్జీనియాల్లో పార్టీ నమోదే లేదు. కాలిఫోర్నియాలో 2010లో ఓటర్లు ఆమోదించిన మార్పు వల్ల రాష్ట్ర పదవులకూ అమెరికా కాంగ్రెసుకూ అభ్యర్థులందరూ ఒకే ప్రైమరీలో నిలబడి, మొదటి ఇద్దరు నవంబరుకు వెళతారు, కాబట్టి అక్కడ పార్టీ గడి ముఖ్యంగా అధ్యక్ష ప్రైమరీకే పనికొస్తుంది. ఆ రాష్ట్రంలో ఒక గుంట ఉంది, చూసుకుని నడవాలి. ఏ పార్టీకీ చెందనివారమని చెప్పదలచుకున్న వేలాదిమంది "అమెరికన్ ఇండిపెండెంట్" అన్న గడిలో గీత పెట్టి, ఆ పేరుతో నిజంగానే ఉన్న ఒక పార్టీలో తెలియకుండా చేరిపోయారు. ఏ పార్టీ వద్దనుకునేవారు అక్కడ పార్టీ ప్రాధాన్యం లేదన్న గడినే వెతికి పట్టుకోవాలి.

ఇక ఏ పార్టీని ఎంచుకోవాలన్నది. ఫలానా పార్టీ అని నేను చెప్పను, చెప్పకూడదు. కానీ ఎలా ఆలోచించాలో చెప్పగలను. మీరున్న చోట అసలు పోటీ ఎప్పుడు జరుగుతున్నదో ముందు చూడండి. హైదరాబాదులో పుట్టిన మన అరుణా మిల్లర్ 2022లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా, అంటే ఉప గవర్నరుగా, ఎన్నికయ్యారు. ఆ నవంబరులో ఆమె, గవర్నరు అభ్యర్థి వెస్ మూర్ కలిసి భారీ ఆధిక్యంతో గెలిచారు. అదే ఏడాది జులైలో జరిగిన డెమొక్రాటిక్ ప్రైమరీలో మాత్రం ఎందరో హేమాహేమీల నడుమ, మూడో వంతు కంటే తక్కువ ఓట్లతో ఒడ్డున పడ్డారు. మేరీలాండ్‌లో పార్టీ గడి ఖాళీగా వదిలేసిన తెలుగువారు నవంబరులో ఆమెకు ఓటు వేయగలిగారు కానీ, ఓటు నిజంగా కావలసివచ్చిన జులైలో వేయలేకపోయారు. టెక్సస్‌లో ఇదే లెక్క రెండోవైపు నుంచి పనిచేస్తుంది: 1994 తరువాత రాష్ట్రవ్యాప్త పదవికి అక్కడ డెమొక్రాటిక్ అభ్యర్థి ఎవరూ గెలవలేదు, కాబట్టి ఆ పదవుల భవితవ్యం చాలావరకు మార్చిలో రిపబ్లికన్ ప్రైమరీలోనే తేలుతుంది. అందుకని కొందరు తమ మనసు ఒక పార్టీలో ఉన్నా, గెలిచే పార్టీ ప్రైమరీలో తక్కువ చెడ్డవాణ్ణి ఎంచడానికి ఆ బ్యాలెట్ అడుగుతారు. అది చట్టవిరుద్ధం కాదు. నాకు వ్యక్తిగతంగా అది అంతగా నచ్చదు. నేను నమ్మే పార్టీలో మంచి అభ్యర్థిని నిలబెట్టడమే నా పని అనుకుంటాను. మూసిన తలుపు రాష్ట్రాల్లో ఉన్నవారికి మాత్రం, కచ్చితంగా తటస్థులైతే తప్ప, ఏదో ఒకటి ఎంచుకోమనే నా సలహా.

పార్టీ నమోదు బహిరంగ సమాచారమని కూడా మీరు తెలుసుకోవాలి. మీరు ఎవరికి ఓటు వేశారన్నది రహస్యమే; ఏ పార్టీలో నమోదయ్యారు, ఏ ఎన్నికలో ఓటు వేయడానికి వచ్చారు అన్నవి మాత్రం రహస్యాలు కావు, పార్టీలవారు ఆ జాబితాలను తీసుకుంటారు. ఫలితంగా ఎన్నికల ముందు మీ ఫోనుకు వచ్చే సందేశాలు, టపా పెట్టెలో పడే రంగురంగుల కాగితాలు కాస్త ఎక్కువవుతాయి. అంతకుమించిన ఇబ్బంది ఈ ఇన్నేళ్లలో నేను చూడలేదు. మీ పార్టీ ఎంపిక మీ శ్రీమతి పౌరసత్వ దరఖాస్తుకు అడ్డవుతుందేమోనని మీరు రాశారు. డెమొక్రాటిక్, రిపబ్లికన్ అన్న ప్రశ్న ఎన్-400లో ఉండదు. దానిలో అడిగే పార్టీ వేరు: కమ్యూనిస్టు పార్టీతో గానీ నియంతృత్వ పార్టీతో గానీ ఎప్పుడైనా, ప్రపంచంలో ఎక్కడైనా సంబంధం ఉన్నదా అని అడుగుతారు. ఖమ్మంలోనో విజయవాడలోనో కాలేజీ రోజుల్లో ఎర్రజెండా పట్టినవారు మన తరంలో తక్కువేమీ కాదు. అటువంటి గతం ఉంటే దాచకుండా ముందుగా న్యాయవాదికి చెప్పి, ఎలా రాయాలో అడిగి, నిజమే రాయాలి.

ఓటరుగా నమోదైతే జ్యూరీ పిలుపు వస్తుందని భయపడి దూరంగా ఉండేవారు మనలో ఉన్నారు. న్యూజెర్సీలో జ్యూరీ జాబితాకు లైసెన్సుదారుల పేర్లు, పన్ను చెల్లించేవారి పేర్లు కూడా తీసుకుంటారు. మీరు కారు నడుపుతూ పన్ను కడుతున్నంతకాలం ఓటు మానుకున్నా ఆ పిలుపు తప్పదు.

పార్టీ గడితో ఏ సంబంధమూ లేని ఎన్నికలు కొన్ని ఉన్నాయి, అవే మన ఇంటికి దగ్గరివి. మంచి బడి ఉన్న చోటు చూసుకుని, దానికోసమే లక్ష డాలర్లు ఎక్కువైనా పెట్టి ఇల్లు కొంటాం. ఆ బడుల బడ్జెట్టూ హద్దులూ నిర్ణయించే స్కూలు బోర్డు ఎన్నిక రోజున మాత్రం ఇంట్లో కూర్చుంటాం. న్యూజెర్సీలో స్కూలు బోర్డు అభ్యర్థులు పార్టీ గుర్తు లేకుండా పోటీ చేస్తారు, టెక్సస్‌లో నగర మండలి ఎన్నికలదీ అదే తీరు, అవి ఎక్కువగా మే నెల మొదటి శనివారం జరుగుతాయి. వీటిలో కొద్ది వందల ఓట్ల తేడాతో గెలుపోటములు తేలడం మామూలే. పార్టీల పేరెత్తితే చిరాకు పడేవారికి కూడా ఇక్కడ ఓటు వేయడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు.

అబ్బాయి విషయం. తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులయ్యేనాటికి పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డ, గ్రీన్‌కార్డుతో ఇక్కడే ఆ తల్లి లేదా తండ్రి సంరక్షణలో ఉంటే, 2000 సంవత్సరపు చట్టం ప్రకారం ఆ బిడ్డ కూడా దానంతటదే పౌరుడవుతాడు. వేరుగా ప్రమాణం అక్కరలేదు. మీ ప్రమాణం నాటికి అతనికి పదిహేడే కాబట్టి ఈ మూడూ ఉంటే అతను ఇప్పటికే పౌరుడు. కాకపోతే చేతిలో రుజువు లేని పౌరుడు. ముందు అమెరికా పాస్‌పోర్టు తీయించండి, లేదా ఎన్-600 ద్వారా పౌరసత్వ పత్రం తెప్పించండి, ఆ తరువాతే ఓటరు పత్రం నింపించండి. న్యూజెర్సీలో పదిహేడేళ్లకే నమోదు చేసుకోవచ్చు. నవంబరు ఎన్నిక నాటికి పద్దెనిమిది నిండేవారు 2026 నుంచి జూన్ ప్రైమరీలో కూడా ఓటు వేయవచ్చు. అతను వేరే రాష్ట్రంలో కాలేజీకి వెళితే, ఇంటి చిరునామా మీదో కాలేజీ చిరునామా మీదో ఏదో ఒక్కచోటే నమోదై ఉండాలి. పార్టీ గడి అతని చేతనే నింపించండి. మా అమ్మాయి పత్రం నేను నింపబోతే పెన్ను లాక్కుంది.

చివరిగా మన వైపు లెక్కలు. అమెరికా పౌరులైన రోజునే మీ భారత పౌరసత్వం పోయింది, దానితోపాటు అక్కడి ఓటు కూడా. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఓటు రాదు. భారత పాస్‌పోర్టును కాన్సులేటుకు అప్పగించి, ఊళ్లో ఓటర్ల జాబితాలో పేరు ఇంకా ఉంటే ఫారం 7 ద్వారా తీయించండి. ఎన్నికల రోజుల్లో సెలవుకు వెళ్లి, పాత కార్డు ఉంది కదా అని బూత్‌కు వెళ్లవద్దు. మీ శ్రీమతి సంగతి దీనికి తలకిందులు. ఆమె ఇప్పటికీ భారత పౌరురాలు కాబట్టి ఇక్కడ ఓటు లేదు కానీ అక్కడ ఉంది. పాస్‌పోర్టులో ఉన్న భారతదేశపు చిరునామా మీద ఫారం 6ఎ పెట్టుకుని ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. ఓటు మాత్రం ఆ బూత్‌కు స్వయంగా వెళ్లి, పాస్‌పోర్టు చూపించి వేయాలి.